చిన్న సోలార్ ప్యానల్‌తో పొలంలో మెసేజ్ అలర్ట్: ప్యానల్ మార్చకండి, ముందు కారిపోతున్నది ఆపండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అనంతపురం దగ్గర మీ చీనీ తోటలో బోరు నీళ్లు పడే తొట్టి ఉంది. అది నిండినా, ఖాళీ అయినా నాన్నగారి ఫోన్‌కి మెసేజ్ రావాలి. దానికోసం 5 వాట్ల సోలార్ ప్యానల్, ప్యానల్‌కీ బ్యాటరీకీ మధ్య మామూలు పీడబ్ల్యూఎం ఛార్జ్ కంట్రోలర్, పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ, ప్రోగ్రామ్ నడిపే ఆర్డ్యునో ఊనో బోర్డు, మెసేజ్ పంపే సిమ్800ఎల్ జీఎస్ఎం మాడ్యూల్, దానికి 12 వోల్టులను దించి కరెంటు ఇవ్వడానికి ఎల్ఎం2596 కన్వర్టర్ పెట్టారు. పగలు బాగానే నడుస్తోంది. రాత్రి మాత్రం సరిగ్గా మెసేజ్ పంపే టైముకి రీసెట్ అవుతోంది. మూడు రోజులు ముసురు పడితే పూర్తిగా ఆగిపోతోంది, తిరిగి ఎండ వచ్చినా వెంటనే లేవడం లేదు. 20 వాట్ల ప్యానల్ కొనాలా, లేక ఎవరో చెప్పినట్టు బ్యాటరీ తీసేసి సూపర్ కెపాసిటర్ (మామూలు దానికన్నా చాలా ఎక్కువ ఛార్జ్ దాచే కెపాసిటర్) పెట్టాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ అక్కర్లేదు. మీ దగ్గరున్న 5 వాట్ల ప్యానల్ ఈ పనికి చాలా ఎక్కువ. ఒక వాట్ ప్యానల్‌తో కూడా ఇది నడవాలి. ఎందుకో లెక్కతో చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలకు చాలామంది "పెద్ద ప్యానల్ పెట్టండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. డబ్బు ఖర్చవుతుంది, సమస్య అలాగే ఉంటుంది.

మీ బోరు సంగతే చూడండి. ఇంచు నీళ్లు కూడా రాని బోరుకి డ్రిప్ లైన్లు నేరుగా కలిపితే చివరి చెట్టుకి చుక్క కూడా చేరదు. అదే బోరు నీళ్లు గంటల తరబడి తొట్టిలోకి పడనిచ్చి, తర్వాత ఒక్కసారిగా వదిలితే తోటంతా తడుస్తుంది. బోరు అదే, రోజు మొత్తం మీద వచ్చే నీళ్లూ అవే. అయితే తొట్టికి చిల్లు ఉండకూడదు. బోరు ఎంత సన్నగా పోస్తే చిల్లు అంత ఎక్కువ దెబ్బ తీస్తుంది. మీ సర్క్యూట్లో ఉన్న చిల్లు బోరు ధార కన్నా పెద్దది.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. వాట్ అంటే ఆ క్షణంలో ఎంత వేగంగా శక్తి వస్తోంది అనేది, వాట్-అవర్ అంటే మొత్తం ఎంత పోగైంది అనేది. కరెంటు ఇచ్చే మూలం చిన్నదైనప్పుడు వాట్లను పక్కన పెట్టి రోజుకి ఎన్ని వాట్-అవర్లు వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అని మాత్రమే చూడాలి.

వచ్చేది: మీ 5 వాట్ల ప్యానల్ సుమారు 18 వోల్టుల దగ్గర 0.28 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానల్‌ని దాదాపు నేరుగా బ్యాటరీకి కలిపేస్తుంది కాబట్టి అదే 0.28 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర లోపలికి వెళ్తాయి, అంటే మూడున్నర వాట్లు. మన ప్రాంతంలో మంచి ఎండ రోజున నిండు ఎండతో సమానమైన గంటలు ఐదు అనుకోవచ్చు. దుమ్ము, వేడి, లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఛార్జింగ్ నష్టం తీసేస్తే చేతికి మిగిలేది రోజుకి 14 వాట్-అవర్లకు అటూ ఇటూ.

పోయేది: ఊనో బోర్డు ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా 45 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. దాన్ని మీరు 12 వోల్టుల నుంచి ఇస్తున్నారు. దానికి కావాల్సింది 5 వోల్టులే, బోర్డు మీదున్న రెగ్యులేటర్ (వోల్టేజీ దించే భాగం) మిగతా 7 వోల్టులనూ వేడి కింద పారేస్తుంది. 12 వోల్టులు, 0.045 ఆంపియర్లు, 24 గంటలు: 13 వాట్-అవర్లు. ఇది ఒక్కటే మీ ప్యానల్ ఇచ్చేదంతా మింగేసింది. జీఎస్ఎం మాడ్యూల్ రోజంతా ఆన్‌లో ఉంటే 20 మిల్లీఆంపియర్లు, ఎల్ఎం2596 తన కోసం తీసుకునేది 5 మిల్లీఆంపియర్లు, మొత్తం ఇంకో మూడు నాలుగు వాట్-అవర్లు. ఛార్జ్ కంట్రోలర్ మీద వెలిగే ఎల్ఈడీలు, దాని సొంత ఖర్చు కలిపి 10 మిల్లీఆంపియర్లు అనుకున్నా దాదాపు 3. అంతా కలిపితే రోజుకి 20 వాట్-అవర్లు.

అసలు పనికి ఎంత కావాలో చూడండి. మాడ్యూల్ ఆన్ అయ్యి, నెట్‌వర్క్ పట్టుకుని, మెసేజ్ పంపి ఆగిపోవడానికి అరనిమిషం అనుకుందాం. సగటున 150 మిల్లీఆంపియర్లు, 4 వోల్టులు. 18 జౌళ్లు, అంటే 5 మిల్లీవాట్-అవర్లు. రోజుకి పది మెసేజ్‌లు వెళ్లినా 0.05 వాట్-అవర్ మాత్రమే. 20 ఖర్చు పెడుతున్నారు, అందులో పనికొచ్చింది 0.05. మీ బ్యాటరీ ఎండ బాగా ఉన్న రోజున కూడా అప్పులోనే ఉంది. పగలు ప్యానల్ నేరుగా మోస్తోంది కాబట్టి ఆ సంగతి బయటపడటం లేదు.

అందుకని మొదట చేయాల్సింది ఖర్చు తగ్గించడం. ఊనో స్థానంలో 3.3 వోల్టుల ప్రో మినీ అనే చిన్న ఆర్డ్యునో బోర్డు పెట్టండి, దాని పవర్ ఎల్ఈడీని, బోర్డు మీది రెగ్యులేటర్‌ని తీసేయండి. పవర్‌డౌన్ స్లీప్‌లో (పని లేనప్పుడు నిద్రలో), మధ్యమధ్య లేపే వాచ్‌డాగ్ టైమర్‌తో అది పది మైక్రోఆంపియర్ల లోపే ఉంటుంది. దానికి కరెంటు ఇవ్వడానికి హెచ్‌టీ7333 లాంటి రెగ్యులేటర్ వాడండి, అది తన కోసం తినేది మైక్రోఆంపియర్లలోనే. 7805, ఏఎంఎస్1117 ఈ పనికి వద్దు, ఒక్కొక్కటీ ఊరికే 5 మిల్లీఆంపియర్లు తింటుంది. జీఎస్ఎం మాడ్యూల్‌కి మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా కరెంటు ఇచ్చి, మెసేజ్ ఉన్నప్పుడే ఆన్ చేయండి. నీటి మట్టం కొలవడానికి అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వనితో దూరం కొలిచేది) కూడా అవసరం లేదు. మీకు కావాల్సింది నిండిందా, ఖాళీ అయిందా అన్నదే కదా, ఇళ్ల మీది ట్యాంకుల్లో వేసే ఫ్లోట్ స్విచ్‌లు రెండు చాలు. ప్రో మినీకి కలిపేటప్పుడు, స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్ను వోల్టేజీని పైకి పట్టి ఉంచే పుల్అప్ రెసిస్టర్ పెద్దది, ఒక మెగాఓమ్, పెట్టండి. బురద నీళ్లలో, ఎండలో సెన్సర్ కన్నా ఫ్లోట్ ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా.

ఇంత చేస్తే రోజు ఖర్చు 0.1 వాట్-అవర్ దాటదు. పాత బ్యాటరీ బదులు ఒక మంచి 18650 లిథియం సెల్ (ఇది సైజు పేరు), 2600 ఎంఏహెచ్‌ది, పెడితే సుమారు 9.6 వాట్-అవర్లు దాస్తుంది. అందులో మూడింట రెండు వంతులే వాడుకున్నా అసలు ఎండ లేకుండా రెండు నెలలు నడుస్తుంది. ముసురు గురించి ఇక ఆలోచించనక్కర్లేదు.

నాన్నగారు తిరిగి ఫోన్ చేసి మోటార్ ఆపేలా కూడా ఉండాలంటే మాడ్యూల్ ఎప్పుడూ నెట్‌వర్క్‌లో ఉండాలి. అప్పుడు స్లీప్ కమాండ్ ఇస్తే సగటు ఖర్చు ఒకటి రెండు మిల్లీఆంపియర్లకు దిగుతుంది. రోజుకి 0.15 వాట్-అవర్ అదనం, ఇదీ పెద్ద భారం కాదు.

ఇక రాత్రి రీసెట్ సంగతి. ఇది పైదానికి సంబంధం ఉన్నా వేరే సమస్య, చాలామందికి దొరకని సమస్య. జీఎస్ఎం ఫోన్ రేడియో నిరంతరం ప్రసారం చేయదు. ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు మాత్రమే చేస్తుంది. ఆ చిన్న ముక్కలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సగటు చూస్తే తక్కువే, ఆ క్షణంలో చాలా ఎక్కువ. సిమ్800ఎల్‌కి 3.4 నుంచి 4.4 వోల్టులు ఉండాలి. 3.4 కిందికి ఒక్క మిల్లీసెకను జారినా ఆరిపోతుంది. మీరు ఫొటోలో చూపించిన సన్నటి బ్రెడ్‌బోర్డ్ వైర్లు, వాటి పిన్నుల కాంటాక్టులు కలిపి 0.2 ఓమ్ ఉంటే చాలు, 2 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్ట్ అక్కడే పోతుంది. 4.0 ఇస్తున్నాం అనుకుంటారు, మాడ్యూల్ దగ్గర 3.6. రాత్రి పాత బ్యాటరీ కూడా కుంగితే 3.4 కిందికి దిగడానికి ఎంతో పట్టదు. మల్టీమీటర్ మాత్రం 4.0 అనే చూపిస్తూ ఉంటుంది, ఎందుకంటే అది సగటు చూపిస్తుంది, అర మిల్లీసెకను గుంటలు దానికి కనబడవు. ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పుల్ని గీతగా చూపే పరికరం) ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే మాడ్యూల్ పిన్నుల మీదే పెట్టి ఒకసారి చూడండి, గుంటలు వరసగా కనిపిస్తాయి.

ఇక్కడ కెపాసిటర్ కావాలి, కానీ సూపర్ కెపాసిటర్ కాదు. 2 ఆంపియర్లను 577 మైక్రోసెకన్లు కెపాసిటర్ ఒక్కటే మోయాలంటే, 1000 మైక్రోఫారడ్‌తో వోల్టేజీ 1.15 పడిపోతుంది. 4700 మైక్రోఫారడ్‌తో పావు వోల్టే పడుతుంది. తర్వాతి నాలుగు మిల్లీసెకన్లలో బ్యాటరీ తీరిగ్గా మళ్లీ నింపుతుంది. కాబట్టి 10 వోల్టుల లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని మాడ్యూల్ పిన్నులకు ఆనించి సోల్డర్ చేయండి. నాలుగు అంగుళాల వైరు చివర పెడితే సగం ప్రయోజనం పోతుంది. బ్యాటరీ నుంచి మాడ్యూల్‌కి మందమైన వైర్లు, సోల్డర్ జాయింట్లు, బ్రెడ్‌బోర్డ్ వద్దు.

మీ చేను చుట్టూ అడవి పందుల కోసం జట్కా మిషన్ (కంచె తీగకు షాక్ ఇచ్చే యంత్రం) ఉండే ఉంటుంది. అదీ ఇలాగే పనిచేస్తుంది. చిన్న ప్యానల్ బ్యాటరీని నింపుతుంది, బ్యాటరీ దాదాపు సెకను పాటు ఒక కెపాసిటర్‌ని నింపుతుంది, కెపాసిటర్ ఆ శక్తినంతా రెప్పపాటు కన్నా తక్కువలో తీగలోకి వదులుతుంది. ఒక్కో దెబ్బలో ఉండే శక్తి కొలిచి పెట్టింది కాబట్టే జంతువు బెదిరి పోతుంది తప్ప చావదు. ఆ తీగకు ఇంటి కరెంటు నేరుగా కలపడం మాత్రం మనుషుల ప్రాణాలు తీసే పని, ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

సూపర్ కెపాసిటర్ మీద మీకు ఆశ ఉంది కాబట్టి దాని లెక్క కూడా చూపిస్తాను. మార్కెట్లో దొరికే 2.7 వోల్టుల 10 ఫారడ్ కెపాసిటర్లు రెండు సిరీస్‌లో పెడితే 5.4 వోల్టులు, 5 ఫారడ్లు అవుతాయి. మాడ్యూల్‌ని నేరుగా దానికి కలిపితే 4.2 నుంచి 3.5 వోల్టుల మధ్యలో ఉన్న శక్తే వాడుకోగలం. కెపాసిటీలో సగాన్ని వోల్టేజీ వర్గాల తేడాతో గుణిస్తే 13.5 జౌళ్లు. ఒక మెసేజ్‌కి కావాల్సింది 18. ఒక్క మెసేజ్ కూడా పూర్తవదు. వోల్టేజీని తగ్గించనూ పెంచనూ గల బక్-బూస్ట్ కన్వర్టర్ పెట్టి 5 నుంచి 2.5 వోల్టుల దాకా పిండుకున్నా 47 జౌళ్లు, కన్వర్టర్ నష్టం పోను రెండు మెసేజ్‌లు. ఒక్క 18650 సెల్‌లో 34 వేల జౌళ్లుంటాయి. రెండింటినీ ఒకే పనికి పోల్చడం సరికాదు.

అయినా దాన్ని తక్కువ చేయను. లక్షలసార్లు నింపి ఖాళీ చేసినా చెడదు, ఎంత చిన్న కరెంటుతో నింపినా ఏమీ అనదు. మీరు జీఎస్ఎం బదులు లోరా (సిమ్ లేకుండా తక్కువ శక్తితో దూరం పంపే రేడియో) వాడితే కథ మారిపోతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఒక లోరా సందేశానికి జౌల్‌లో పదో వంతు చాలు. అప్పుడు ఆ 47 జౌళ్లతో, కెపాసిటర్ సొంత లీకేజీ పోయినా, రాత్రి సులువుగా దాటుతుంది. ఇల్లు తోటకి రెండు కిలోమీటర్ల లోపు ఉండి మధ్యలో గుట్ట అడ్డం లేకపోతే ఒకసారి ఆలోచించండి, నెలనెలా రీఛార్జ్ బెడద కూడా ఉండదు. సిరీస్‌లో పెట్టిన రెండు కెపాసిటర్లకి బ్యాలెన్సింగ్ (రెండింటి మీదా వోల్టేజీ సమానంగా ఉంచడం) తప్పనిసరి, లేకపోతే ఒకటి 2.7 దాటి ఉబ్బిపోతుంది.

బ్యాటరీ ఎంపికలో లెడ్ యాసిడ్‌ని నేను ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. లెడ్ యాసిడ్‌కి తరచుగా పూర్తిగా నిండటం కావాలి. సగం ఛార్జ్‌లో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ పోతుంది. సన్నగా వచ్చే మూలం దాన్ని ఎప్పటికీ పూర్తిగా నింపదు. అంటే బలహీనమైన మూలానికి లెడ్ యాసిడ్ జోడీ పుట్టుకతోనే కుదరదు. లిథియం సెల్ సగం ఛార్జ్‌లో ఉండటానికి ఏమాత్రం ఇబ్బంది పడదు, నిజానికి నిండుగా ఉండటం కన్నా అదే దానికి మంచిది. మీ పాత యూపీఎస్ బ్యాటరీ స్థితి తెలుసుకోవాలంటే పూర్తిగా ఛార్జ్ చేసి ట్రాక్టర్ ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, కలపండి. ఐదు నిమిషాల్లో 11.5 వోల్టుల కిందికి దిగిందంటే దాని పని అయిపోయినట్టే.

18650 కొనేటప్పుడు జాగ్రత్త. 9900 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవన్నీ మోసం. ఈ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్ 3500 దగ్గర ఆగుతుంది. తూకం వేస్తే అసలైన సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, 30 గ్రాములే ఉంటే వదిలేయండి. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వేడికి ఇంకా బాగా ఓర్చుకుంటుంది, కానీ దాని 3.2 వోల్టులు సిమ్800ఎల్‌కి నేరుగా సరిపోవు.

ఛార్జర్ దగ్గర పొరపాటు జరగకుండా చూసుకోండి. అందరూ టీపీ4056 బోర్డు పెట్టమంటారు. అది 8 వోల్టులు దాటితే కాలిపోతుంది. మీ ప్యానల్‌కి లోడ్ లేనప్పుడు 21, 22 వోల్టులు ఉంటాయి. దీనికి సీఎన్3791 బోర్డు సరైనది, 28 వోల్టుల దాకా తట్టుకుంటుంది. 12 వోల్టుల ప్యానల్ కోసం సెట్ చేసిన బోర్డే అడిగి తీసుకోండి, 6 వోల్టులది వేరే ఉంటుంది.

సీఎన్3791 గొప్పతనం వోల్టేజీ తట్టుకోవడంలో మాత్రమే లేదు. మబ్బు పట్టినప్పుడు ప్యానల్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ లాగితే దాని వోల్టేజీ ఒక్కసారిగా కూలిపోతుంది. మామూలు కన్వర్టర్ ఆ దెబ్బకి ఆగిపోతుంది, లోడ్ పోగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ కూలుతుంది. రోజంతా ఇలా కొట్టుకుంటూ బ్యాటరీలోకి ఏమీ చేరదు. సీఎన్3791 ప్యానల్ వోల్టేజీని ఒక స్థాయి కిందికి దిగనివ్వకుండా తన కరెంటునే తగ్గించుకుంటుంది. సోలార్ ప్యానల్ ఎక్కువ శక్తి ఇచ్చేది ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీలో సుమారు 75 నుంచి 80 శాతం దగ్గర. దాని దగ్గర నిలబెడితే ముసురులో కూడా నాలుగైదు చుక్కలు రాలతాయి. ఇంతకన్నా బలహీనమైన మూలాలు, గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు, పొయ్యి వేడితో పనిచేసే థర్మోఎలక్ట్రిక్ ముక్కలు, వాడేవాళ్లకు బీక్యూ25570 లాంటి చిప్‌లు ఉన్నాయి. అవి లేవడానికి 600 మిల్లీవోల్టులు కావాలి, లేచాక 100 మిల్లీవోల్టుల నుంచి కూడా పోగు చేస్తాయి. మీకు ఆ అవసరం లేదు.

ముసురు పోయి ఎండ వచ్చాక కూడా ఎందుకు లేవడం లేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఖాళీ బ్యాటరీకి కొంచెం ఛార్జ్ ఎక్కగానే బోర్డు లేస్తుంది, మాడ్యూల్ నెట్‌వర్క్ కోసం వెతుకుతుంది, ఉన్న కాస్తా అక్కడే ఊడ్చుకుపోతుంది, రీసెట్. మళ్లీ మొదటికి. దీనికి మందు ప్రోగ్రామ్‌లోనే ఉంది. మెసేజ్ పంపే ముందు సెల్ వోల్టేజీ చూడండి. 3.5 కిందికి వస్తే మాడ్యూల్‌ని అసలు ఆన్ చేయొద్దు. ఒకసారి ఆపాక 3.8 దాటేదాకా మళ్లీ మొదలుపెట్టొద్దు. ఆపే అంకె, మొదలుపెట్టే అంకె ఒకటే అయితే లాభం లేదు, మధ్యలో ఆ ఎడం ఉండాలి. నెట్‌వర్క్ ఒక నిమిషంలో దొరక్కపోతే ఆపేసి గంట తర్వాత ప్రయత్నించేలా కూడా రాయండి.

నెట్‌వర్క్ అంటే గుర్తొచ్చింది, ఇది 2జీ మాడ్యూల్, జియో సిమ్ ఇందులో పనిచేయదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాడ్యూల్ పూర్తి బలంతో, 2 వాట్ల దాకా, అరుస్తుంది. డబ్బాలో ముడుచుకున్న స్ప్రింగ్ యాంటెన్నా తీసేసి కేబుల్ ఉన్న యాంటెన్నాని షెడ్డు పైన నిలబెడితే ఒక్కో మెసేజ్ ఖర్చు తగ్గుతుంది, రీసెట్లూ తగ్గుతాయి.

వేడి గురించి ఒక్క మాట. మన మే నెల ఎండలో ప్యానల్ వెనకే ఇనుప డబ్బా బిగిస్తే లోపల 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. సెల్‌ని పంపు షెడ్డు లోపల, స్టార్టర్ బోర్డుకి దూరంగా, నీడలో, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండు వైర్లు మాత్రం ప్యానల్ దాకా లాగండి.

ఇవన్నీ కొనే ముందు ఇప్పుడున్న సెటప్‌లోనే ఒక కొలత తీయండి. బ్యాటరీ ప్లస్ వైరు విప్పి మధ్యలో మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టండి. మిల్లీఆంపియర్ రేంజిలో పెడితే మాడ్యూల్ ప్రసారం మొదలుపెట్టగానే మీటర్ ఫ్యూజు పోవచ్చు. రాత్రి, ప్యానల్ విప్పేసి, మెసేజ్ ఏదీ వెళ్లనప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకోండి. తర్వాత ఊనో తీసేసి ఒకసారి, మాడ్యూల్ తీసేసి ఒకసారి, కంట్రోలర్ ఒక్కటే ఉంచి ఒకసారి. ఆ నాలుగు అంకెలు, తోట దగ్గర ఏ నెట్‌వర్క్ సిగ్నల్ ఎంత వస్తుందో ఇక్కడ పెట్టండి. మాస్‌ఫెట్ ఏది వాడాలో, ఎలా కలపాలో బొమ్మ గీసి పెడతాను.